లేని గంట

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి రూమ్ నంబర్ ఆరు ఖాళీ కావాలి. కాలేదు.

లాడ్జి మేనేజర్ గిరి ఒంటిగంటకు తలుపు తట్టాడు. రెండింటికి తట్టాడు. నాలుగింటికి ఇక లాభం లేదని డూప్లికేట్ తాళంచెవితో తెరిచాడు. మంచం మీద దుప్పటి మడత కూడా విప్పలేదు. బ్యాగు కుర్చీలో ఉంది. అంటే మనిషి శనివారం రాత్రి గదికే రాలేదు!

రిజిస్టర్ తీశాడు. పేరు సుస్మిత. వయసు ముప్ఫై ఒకటి. ఊరు హైదరాబాద్. వచ్చింది 2022 డిసెంబర్ 17, శనివారం, ఉదయం 11.15. ఎంతమంది? ఒక్కరే. వచ్చిన పని? కోట చూడటానికి.

చివర్న చెల్లెలు మల్లిక ఫోన్ నంబరుంది. గిరి దానికే ఫోన్ చేశాడు.

సోమవారం ఉదయం 9.10. గాజులగట్టు పోలీస్ స్టేషన్ ముందు తెల్లకారు ఆగింది. మల్లిక దిగింది. ఆమె వెనక కృష్ణకాంత్ దిగాడు.

కృష్ణకాంత్ అంటే ఆషామాషీ మనిషి కాదు. తెనాలివాడు. ముప్ఫై రెండేళ్ళ పోలీసు సర్వీసు, ఎక్కువ భాగం కోస్తాలోనే. రిటైరయ్యాక హైదరాబాద్‌లో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. సాక్షి వాఙ్మూలం ఎలా రాయాలో కొత్త ఎస్సైలకు పాఠం చెప్పినవాడు. ఇక్కడి ఎస్సై బెంజమిన్ ఒకప్పుడు ఆ క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాడే. కారు చూడగానే పరుగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టాడు.

దారిలోనే మల్లికకు మాటిచ్చేశాడు కృష్ణకాంత్. "మీ అక్కకేం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో, నా చేత్తో రాసిస్తానమ్మా. నేను రాసిన వాఙ్మూలాన్ని ఇంతవరకు ఏ కోర్టూ కొట్టెయ్యలేదు."

"ముందు అక్క బతికుండాలి సార్. ఎవరన్నది తర్వాత," అంది మల్లిక. రాత్రంతా ఏడ్చిన గొంతు అది.

సుస్మిత ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. ఏటా డిసెంబర్‌లో ఓ శని, ఆదివారాలు ఒక్కతే ఏదో పాత ఊరికి పోయి వస్తుంది. ఏడాది మొత్తంలో ఈ రెండు రోజులే నావి అంటుందట. పెద్ద నీళ్ళ సీసా లేకుండా గడప దాటదు. ఏం చేసినా టైమ్ వేసి చిన్న పుస్తకంలో రాసుకుంటుంది.

కృష్ణకాంత్ కుర్చీ లాక్కున్నాడు.

"ఫోన్?"

"శనివారం మధ్యాహ్నం 3.24కి బందయింది సార్," అన్నాడు బెంజమిన్.

"టవర్?"

"ఒక్కటే. కోట, దర్గా, కుంట అన్నీ దాని కిందనే."

"కోట వెతికారా?"

"నిన్న పొద్దుగూకే ముందు పెద్ద దర్వాజ దాకా పోయినం. పిలిచినం. లోపల చాన జాగా ఉంది సార్. ఇయ్యాల ఇరవై మందితోని మల్ల ఎక్కుదామనుకుంటున్న."

"ఆగు. ముందు సాక్షి. తర్వాతే కాళ్ళకు పని."

సాక్షి ఉంది. సైదమ్మ. మేకలు కాస్తుంది. ఊరి నుంచి దర్గాకు పోయే రోడ్డు పక్కనే ఆమె ఇల్లు. ఉదయం 10.30కి కృష్ణకాంత్ ఒక్కడే వెళ్ళాడు. ఆమె దొడ్డి ఊడుస్తోంది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

"శనివారం ఈ ఫోటోలో అమ్మాయిని చూశావా అమ్మా?"

"చూసిన సారూ. ఎర్ర అంగి తొడుక్కుంది. భుజానికి సంచి ఉండె."

"ఎన్ని గంటలకి?"

"మూడింటికి. మూడింటి బస్సు అప్పుడే హారన్ కొట్టింది."

"ఎటు వెళ్ళింది?"

"దర్గా కాడికెళ్ళి పోయింది. ఒక్కతే. మెట్లు మంచిగ లెవ్వు, జర చూసుకొని పో బిడ్డా అన్న. నవ్వింది. గా పిల్ల..."

"చాలమ్మా. చాలు."

ఆయనకు కావలసింది దొరికేసింది. పుస్తకం తీసి అక్కడే రాశాడు. 'మధ్యాహ్నం 3 గంటలకు ఆమె ఒంటరిగా దర్గా దగ్గరకు వెళ్ళిపోయింది.' ఒకసారి చదువుకున్నాడు. క్లాసులో ఆయన చెప్పింది కూడా ఇదే. సాక్షి యాస రాయకండి, అర్థం రాయండి. ఎంత శుభ్రంగా ఉందీ వాక్యం!

అక్కణ్ణుంచి దర్గాకు నడిచాడు. కోట ఉన్న కొండగట్టు వాలులో ముప్ఫై మెట్లు. కొత్తగా గ్రానైట్ పరిచారు. నున్నగా, వెడల్పుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి కూడా తెలియకుండా ఎక్కేశాడు. పైనుంచి చూస్తే కింద కుంట. నీళ్ళ మీద పొగమంచు ఇంకా వదల్లేదు.

ఆ మెట్ల కిందే ఒక ఆటో ఉంది. డ్రైవర్ పేరు పెద్దులు.

"ఈ అమ్మాయి తెలుసా?"

"తెలుసు సార్. నా ఆటోలనే వచ్చింది శనివారం. రెండింటికి గీడ్నే దింపిన."

"రెండింటికా? మూడింటికా?"

"రెండే సార్. దింపి గీ ఆటోలనే పండుకున్న. నాలుగింటికి లేస్తే ఆమె లేదు."

"సరిగ్గా ఆలోచించుకో. మూడింటికి ఆమె ఒక్కతే నడుచుకుంటూ దర్గాకు వెళ్తుంటే చూసిన మనిషి ఉంది."

"గట్లెట్ల ఉంటది సార్? రెండింటికే దింపిన గద!"

"మరి రెండింటి నుంచి మూడింటి దాకా ఎక్కడుంది? ఆ గంట ఏమైంది పెద్దులూ?"

కృష్ణకాంత్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. వచ్చిన కానిస్టేబుల్ ఆటో సీటు లేపాడు. కింద పోచంపల్లి చున్నీ. మల్లిక ఇచ్చిన ఫోటోలో సుస్మిత మెడలో ఉన్నదే.

"ఆమెనే మర్చిపోయింది సార్! వాపసిద్దామని దాచిపెట్టిన, దేవుని తోడు!"

ఇంకేం కావాలి? మధ్యాహ్నం 12.40కి కృష్ణకాంత్ స్టేషన్‌లో తేల్చేశాడు. కోట వదిలేయండి. కుంట తోడండి.

బెంజమిన్ నసిగాడు. "సార్, ఒక్కసారి కోట చూసి..."

"మూడింటికి ఆమె దర్గా దగ్గరికే వచ్చింది. 3.24కి ఫోన్ ఆగింది. దర్గా నుంచి గట్టు చుట్టూ తిరిగి పెద్ద దర్వాజాకు ఎంతసేపు?"

"గంట సార్."

"ఇరవై నాలుగు నిమిషాల్లో వెళ్ళగలదా?"

"పోలేదు సార్."

"మరి?"

బెంజమిన్ ఇంజన్ల కోసం ఫోన్ తీశాడు. గాజులగట్టుకు బదిలీ అయి ఎనిమిది నెలలే. పైగా చెప్పేది గురువు. సైదమ్మను మళ్ళీ అడగాలని తోచలేదు. గురువుగారు రాసిన వాఙ్మూలం బల్ల మీదే ఉంది కదా.

1.30కి కుంట ఒడ్డున నాలుగు ఆయిల్ ఇంజన్లు మొదలయ్యాయి. ఆ చప్పుడుకి ఊళ్ళో పక్కవాడి మాట వినపడలేదు.

మంగళవారమంతా ఇంజన్లు ఆగలేదు. స్టేషన్‌లో కూర్చోబెట్టిన పెద్దులు మాట మార్చలేదు. సాయంత్రానికి అతని కుడిచెయ్యి వాచిపోయింది. ఎవరు కొట్టారని కృష్ణకాంత్ అడగలేదు. స్టేషన్ గేటు బయట అతని భార్య నాగులమ్మ నెత్తిన కొంగేసుకుని చలికి ముడుచుకుని కూర్చుంది. లాడ్జిలో మల్లిక అక్క మంచం మీదే కూర్చుంది. ఆ దుప్పటి మడత ఆమె కూడా విప్పలేదు.

బుధవారం ఉదయం 10.00. కుంట అడుగు తేలింది. బురద, ప్లాస్టిక్ సీసాలు. శవం లేదు. మూలల్లో మిగిలిన నీళ్ళకు ఇంజన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

కృష్ణకాంత్ అందర్నీ స్టేషన్‌కు పిలిపించాడు. శవం దొరక్కపోయినా అబద్ధం దొరికింది. దాన్ని అందరి ముందూ పెడితే పెద్దులు నోరు విప్పక తప్పదు. ముప్ఫై రెండేళ్ళలో ఈ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు. గిరి గోడకానుకున్నాడు. మల్లిక ముందు కుర్చీలో కూర్చుంది. సైదమ్మ, నాగులమ్మ నేల మీద కూర్చున్నారు. పెద్దులు వాచిన చెయ్యి గుండెకానించుకుని నిలబడ్డాడు.

"ఈ కేసంతా ఒక్క గంటలో ఉంది," మొదలుపెట్టాడు కృష్ణకాంత్. "రెండింటికి దర్గా దగ్గర దింపానంటాడు పెద్దులు. మూడింటికి ఆమె దర్గాకు వెళ్తూ కనిపించిందంటుంది సైదమ్మ. సైదమ్మకు అబద్ధం చెప్పే అవసరం లేదు. వినండి."

ఫోన్ బల్ల మీద పెట్టాడు. సైదమ్మ గొంతు గదంతా వినిపించింది.

దర్గా కాడికెళ్ళి పోయింది. ఒక్కతే.

నాగులమ్మ దిగ్గున లేచింది.

"మా ఆయిన మూడు దినాల సంది చెప్తున్నది గదే గద సారూ! దర్గా కాడ దింపిండు. దర్గా కాడికెళ్ళి పోయింది. ఇంకేం జెప్పాలె మీకు?"

"అదెలా?" అన్నాడు కృష్ణకాంత్. "దర్గా కాడికి వెళ్ళింది అంటోంది కదా సాక్షి."

బెంజమిన్ ముఖం పాలిపోయింది.

"సార్... మల్ల ఒక్కసారి పెట్టుండ్రి."

పెట్టాడు.

"సార్, కాడికెళ్ళి అంటే..." బెంజమిన్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "మా దిక్కు కాడికెళ్ళి అంటే దగ్గరి నుంచి సార్. ఈడికెళ్ళి అంటే ఇక్కడి నుంచి. ఆమె మూడింటికి దర్గా దగ్గరికి రాలేదు. దర్గా నుంచి పోయింది. ఆ గంట దర్గా కాడనే ఉంది."

కృష్ణకాంత్‌ సైదమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, అప్పుడు నువ్వెక్కడున్నావు? ఇంటి దగ్గరే కదా?"

"మూడింటికి ఇంటికాడేం పని సారూ? మేకలు దర్గ ఎన్క రేగుచెట్లల్ల మేస్తుండె. గాడ్నే ఉన్న."

"మెట్లు బాగాలేవన్నావు..."

అంటూనే ఆగిపోయాడు. నున్నటి గ్రానైట్. మోకాళ్ళ నొప్పి తెలియని ముప్ఫై మెట్లు.

"దర్గ మెట్లకేమైంది సారూ? దర్గ ఎన్కకెళ్ళి కోట మీదికి పాత మెట్లున్నయ్ గద, గవి. ఎవ్వలెక్కరు. గా పిల్ల ఎక్కింది."

11.25. జీపు కదిలింది. బెంజమిన్ ఫోన్‌లో అరుస్తున్నాడు. "ఇంజన్లు బంద్ చెయ్యుండ్రి! అన్నీ బంద్!"

సైదమ్మ ముందు నడిచింది. దర్గా వెనక తుప్పల్లోంచి పాత మెట్లు. సగం ఊడిపోయాయి. ఇంజన్లు ఆగిన గట్టు మీద ఇప్పుడు ఆకు కదిలినా వినిపిస్తోంది. మల్లిక "అక్కా! అక్కా!" అని పిలుస్తూనే ఉంది. పలుకు లేదు. అరవై మూడేళ్ళ కృష్ణకాంత్ వెనకబడకుండా ఎక్కుతున్నాడు. బతికుండు తల్లీ, బతికుండు, అని పైకే అంటున్నాడు.

కిందినుంచి సరిగ్గా ఇరవై నాలుగు నిమిషాల ఎక్కుడు. అక్కడ పాతకాలపు ధాన్యం పాతర ఒకటుంది. పైకప్పు బండ ఒక పక్క విరిగి లోపలికి కుంగింది.

ఎర్ర అంగి కనిపించింది.

డాక్టర్ 1.10కి వచ్చాడు. కుడి తొడ ఎముక విరిగింది. పక్కన పెద్ద నీళ్ళ సీసా, ఖాళీది. ప్రాణం ఆ ఉదయమే పోయిందన్నాడు. ఆరుకూ ఎనిమిదికీ మధ్య.

"ఇయ్యాలనా?" అన్నాడు బెంజమిన్. డాక్టర్ తలూపాడు. బెంజమిన్ టోపీ తీసి విరిగిన బండ మీద కూర్చుండిపోయాడు.

చిన్న పుస్తకం ఆమె చేతి కిందే ఉంది. కృష్ణకాంత్ చదివాడు.

'శని 3.24. బండ విరిగి పడ్డాను. కాలు కదలట్లేదు. ఫోన్ పగిలింది.

ఆది 5.30. ఎవరో పిలుస్తున్నారు. గట్టుకు అవతల. అరిచాను.

సోమ 11.05. దర్గా దగ్గర మాటలు బాగా వినిపిస్తున్నాయి. ఎవరో పెద్దాయన ఎవర్నో గట్టిగా నిలదీస్తున్నాడు. గొంతు పెగల్లేదు. కొంచెం నీళ్ళు తాగి మళ్ళీ అరుస్తాను.

సోమ 1.30. కింద ఏవో ఇంజన్లు. ఆగాక అరుస్తాను.

మంగళ 9.00. ఇంజన్లు ఆగలేదు.

మంగళ 4.00. ఆగలేదు.'

ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

సాయంత్రం 4.30. సర్కారు దవాఖాన వరండా. పెద్దులును వదిలేశారు. వాచిన చేతికి కట్టు కట్టించుకుని నాగులమ్మ భుజమ్మీద వాలాడు. సైదమ్మ మేకల్ని ఎవరికో అప్పగించి వచ్చి గోడవార కూర్చుంది. లోపల సుస్మిత శవానికి పంచనామా నడుస్తోంది.

మల్లిక కృష్ణకాంత్ ముందుకొచ్చి నిలబడింది. ఏడుపు అయిపోయింది ఆమెకు.

"ఎవరివల్ల జరిగిందో రాసిస్తానన్నారు."

"అన్నానమ్మా."

"రాయండి."

ఆయన పుస్తకం తీశాడు. సోమవారం రాసిన శుభ్రమైన వాక్యం అక్కడే ఉంది. దాన్ని కొట్టేశాడు. కింద సైదమ్మ మాటను సైదమ్మ మాటలాగే రాశాడు. 'దర్గా కాడికెళ్ళి పోయింది.' ఆ కింద తన పేరు రాసి, సంతకం పెట్టి, తేదీ, టైమ్ వేశాడు. పేజీ చింపి ఆమె చేతికిచ్చాడు.

మల్లిక చదివింది. నాలుగు మడతలు పెట్టి అక్క బ్యాగులో వేసింది. బ్యాగు భుజాన వేసుకుని వరండా చివరికి నడిచింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

సైదమ్మకు మాత్రం ఇంకా సంగతి అంతు పట్టలేదు. మూడు రోజులు ఇంటి ముందు కూర్చుని, వీళ్ళు కుంటెందుకు తోడుతున్నారా అని చూసిన మనిషి ఆమె. లేచి కృష్ణకాంత్ దగ్గరికొచ్చింది. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది.

"నేను చెప్పిన గద సారూ. నువ్వు రాస్కున్నవ్ గద."