అప్పగింతల్లో పెరిగిన పాట

ప్రదీప్ కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడో లేదో ఫోన్ మోగింది. నల్లజర్ల నుంచి పెళ్లివారు. "మేడమ్‌గారున్నారాండీ? మా వీడియో ఎడిటింగ్ ఆవిడే చెయ్యాలండీ" అన్నారు.

వట్లూరులో ఆ స్టూడియో పెట్టింది ప్రదీప్. పెళ్లాం కుసుమకి ఎడిటింగ్ నేర్పిందీ అతనే. ఇప్పుడు జనం తనని ఫోనెత్తే గుమాస్తాని చేశారని అతనికి ఒళ్లు మండిపోతోంది. కట్టుకున్నదాన్ని చూసి కుళ్లుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటాడు, పాపం!

ఆ కుళ్లుతోనే కిందటివారం ఓ పని చేశాడు. కొల్లేటికోట ముత్యాలరావుగారమ్మాయి పెళ్లి వీడియోని కుసుమ ముగించి వంటింట్లోకి వెళ్లగానే, అప్పగింతల దగ్గర పాట సౌండు పెంచేశాడు. స్పీకర్లు పెడితే ఆమెకి వినపడుతుందని హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. ఏ వీడియో అయినా చివర్లో హాల్లో టీవీకి పెట్టి విన్నాకే ఇవ్వడం వాళ్ల పద్ధతి. అదీ ఎగ్గొట్టి పెన్‌డ్రైవ్ పంపేశాడు.

కాఫీ చల్లారకముందే ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ముత్యాలరావుగారే. కుసుమ ఎత్తింది, ఆయన గొంతు పక్కనున్న ప్రదీప్‌కీ వినపడుతోంది.

"కుసుమమ్మా, వీధిలోవాళ్లందర్నీ పిలిచి టీవీలో వేశామమ్మా. అప్పగింతల్లో నా మాట ఒక్కటీ వినపళ్లేదు, అంతా పాటే. మా ఆవిడ ఒకటే ఏడుపు. నీ మీద నమ్మకంతో ఇచ్చాం కదమ్మా."

"పొరపాటైందండీ. సరిచేసి పంపిస్తానండీ" అంది కుసుమ. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ తెరిచింది. చూడగానే అర్థమైంది.

"ఏవండీ, ఇది మీరు పెంచారా?"

"హెడ్‌ఫోన్స్‌లో బాగానే వినపడిందే."

"చెవిలోనే మోగుతుంటే మాట విడిగా తెలుస్తుంది. వాళ్లింట్లో చిన్న టీవీలో పాట కింద పడి నలిగిపోదూ? ఈ సంగతి నాకు నేర్పింది మీరేనండీ. స్పీకర్లు ఎందుకు పెట్టలేదు?"

"నువ్వు వింటావని." ప్రదీప్ తలెత్తలేదు. "అందరూ నిన్నే అడుగుతున్నారు కుసుమా. చూళ్లేకపోయాను."

ఆమె అరవలేదు. కళ్లు మాత్రం నిండాయి. "ఆయన నన్నంటుంటే పక్కనే కూర్చుని ఎలా విన్నారండీ?" అని పనిలో పడింది. మధ్యాహ్నమైనా అన్నానికి లేవలేదు.

పని పూర్తిచేసి టీవీకి పెట్టింది. ముత్యాలరావుగారు పాలపళ్లెంలో కూతురి చేతులు ముంచి వియ్యపురాలికి అప్పగిస్తున్నారు. వణుకుతున్న ఆ గొంతు హాలంతా వినిపించింది.

"మా పిల్ల అలిగితే అరవదండీ, అన్నం మానేస్తుంది. మీరే బతిమాలి పెట్టాలి."

ప్రదీప్ వంటింట్లో మూత తియ్యని అన్నం గిన్నె వైపు చూశాడు. కుసుమ ఎదుటే కొల్లేటికోటకి ఫోన్ చేశాడు. "పాడుచేసింది నేనండీ. మా ఆవిడ చక్కగానే చేసింది. ఆవిడకి పేరొస్తుంటే ఓర్వలేక నేనే చెయ్యి పెట్టానండీ. ఆవిణ్ణేమీ అనుకోకండి."

తర్వాత కంచంలో అన్నం కలిపి తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "తప్పయిపోయింది కుసుమా. ఒక్క ముద్ద తిను."

కుసుమ మొహం తిప్పుకుంది. అతను కంచం దించలేదు. ఆమె చాలాసేపు బతిమాలించుకుంది.