పందొమ్మిది ఫ్రేములు

శనివారం పొద్దున్నే నెవెనా బాల్కనీలో మోకాళ్ళ మీద కూర్చుని క్యాబేజీ పీపాలోంచి ఉప్పునీరు వదులుతోంది. రెండు రోజులకోసారి అడుగునున్న నీళ్ళు బకెట్లోకి పట్టి, మళ్ళీ పైనుంచి పోయాలి. లేకపోతే చలికాలానికి ఊరేసినదంతా జిగటపట్టి పాడవుతుంది. ఇన్నేళ్ళూ అది అమ్మ త్స్వెతానా చేసిన పని. ఆమె మే నెలలో పోయింది. వచ్చే శనివారానికి ఆరు నెలలు. అందరికీ తెలియడానికి మేడ కింద తలుపుకు అంటించాల్సిన ఆర్నెల్ల సంస్మరణ కాగితం, అమ్మ ఫొటోతో అచ్చయి వచ్చి, ఫ్రిజ్ మీద ఉంది. ఆరోజు ఉడికించి చర్చిలో పంచాల్సిన గోధుమలు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

లోపలి గదిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "నీ దుంప తెగ! మళ్ళీ వదిలేసింది!"

"ఎవర్రా?"

"కంప్యూటరక్కా. ఫ్రేములు మింగేస్తోంది."

తిహొమిర్‌ను ఇంట్లో తిషో అంటారు. చుట్టాలందరికీ అమ్మ వీడియో చూపించాలని వారం రోజులుగా పాత క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. నెవెనా తడి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"సెకనుకి ఇరవై ఐదు బొమ్మలొస్తాయి క్యాసెట్లోంచి. ఇది అన్నీ పట్టుకోలేక కొన్ని జారవిడుస్తోంది. మొన్న నూట నలభై పోయాయి. వైరస్‌ని పట్టే ప్రోగ్రాం ఆపేశాను, ఇంటర్నెట్ తీగ పీకేశాను, వేరే హార్డ్ డిస్క్ తెచ్చి దాంట్లోకి రాయిస్తున్నాను. పందొమ్మిదికి దిగింది. అక్కణ్ణించి ఛస్తే కదలదు."

"పందొమ్మిదేగా. పోతే పోయాయి."

"ఎక్కడ పోతున్నాయో చూస్తే అలా అనవు." తిషో ఆమె వైపు తిరగలేదు. "కూర్చో."

తెర మీద ఈ గదే ఉంది. ఏప్రిల్, మట్టల ఆదివారం. పువ్వు పేరున్నవాళ్ళందరికీ అది పేరు పండగ కూడా, త్స్వెతానాకీ. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. తల మీద లేత విల్లో కొమ్మల చుట్ట, ఒక చెవి మీదికి జారి. ఎదురుగా, కెమెరాకు వీపు పెట్టి, నెవెనా. ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది. "అమ్మా, ఆపరేషన్ చేయించుకుందామా?"

అమ్మ కూతురి వైపు చూసింది. గడ్డం కొంచెం కదిలింది. బొమ్మ గెంతింది. ఇప్పుడు అమ్మ కిందికి, బల్ల మీది కేకు వైపు చూస్తోంది. మధ్యలో ఏమీ లేదు.

"మళ్ళీ పెట్టు," అంది నెవెనా.

మళ్ళీ పెట్టాడు. ప్రశ్న, చూపు, గడ్డం, గెంతు, కేకు. ఆ మధ్యలో అమ్మ ఇచ్చిన జవాబు సెకనులో ముప్పావు వంతు. ఆ జవాబు మీదే డాక్టరు కాగితాలు తెచ్చాడు, నాన్న సంతకం పెట్టాడు. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టిన అమ్మ మళ్ళీ లేవలేదు.

"గడ్డం పైకి లేస్తోంది చూడు," అన్నాడు తిషో మెల్లగా. "పైకి లేస్తే మన దగ్గర కాదనేగా?"

"లేదు. అడ్డంగా ఊపింది. అవునంది. నేను చూశాను."

"ఏ కళ్ళతో చూశావక్కా? ముందురోజే ఓడ దిగొచ్చావు. ఏడేళ్ళుగా జర్మన్ యాత్రికులకి అవును సార్, అవును మేడమ్ అంటూ తల నిలువుగా ఊపీ ఊపీ నీ తలే తిరగబడింది. కాఫీ కావాలా అంటే నువ్వూపే ఊపుకి అమ్మే నవ్వేది. 'ఇది మన తలా, ఓడ తలా' అని అడిగేది. మర్చిపోయావా?"

నెవెనా మర్చిపోలేదు. వీళ్ళ ఊళ్ళో అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే గడ్డం పైకెత్తుతారు. డాన్యూబ్ మీద తిరిగే ఆ ఓడ ఎక్కగానే దానికి తిరగేసి, అవునంటే నిలువుగా, కాదంటే అడ్డంగా తల ఊపడం ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. ఇల్లు చేరాక రెండు మూడు రోజులు తలా మెడా ఒకదాన్నొకటి నమ్మవు. అమ్మ గడ్డం పైకెత్తి కాదంటే, నిలువుగా కదిలిన ఆ తలను తను అవునని చదివిందా?

"అంటే అమ్మని నేను చంపానంటావు."

"నేనలా అన్లేదు."

"అను. ఆరు నెలల్నించీ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావుగా, అనెయ్."

"నేనేమీ పెట్టుకోలేదక్కా! ఇవాళ పొద్దున ఏడింటిదాకా నాకే తెలీదు. కెమెరా పట్టుకున్నానన్న మాటే గానీ, ఆరోజు నా కళ్ళు కేకు మీదే ఉన్నాయి."

నెవెనా కళ్ళు మూసుకుని ఆ క్షణాన్ని పిలిచింది. ఎప్పుడు పిలిచినా వస్తుంది. అమ్మ తల నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతుంది, విల్లో ఆకులు కదులుతాయి, ముందు తన వీపు, తన జడ. అక్కడ ఆమె కళ్ళు తెరిచింది. తన వీపు తనకెలా కనిపిస్తుంది? ఆ క్షణంలో తను అమ్మకు ఎదురుగా ఉంది. ఇన్నాళ్ళూ జ్ఞాపకం అనుకుని దాచుకున్నదాన్ని తను ఎక్కడో కూర్చుని తయారు చేసింది. ఎప్పుడు చేసింది? అంత్యక్రియల నాడా, ఓడలో పడుకున్న ఏదో ఒక రాత్రా? అసలు జ్ఞాపకం దీని కింద ఉందా, లేక అక్కడ కూడా గెంతేనా?

తలుపు తీసిన చప్పుడైంది. నాన్న దోబ్రి రొట్టె, పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. రూసె రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. తెర మీద కదలకుండా ఆగిపోయిన భార్య మొహం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆ క్యాసెట్ జోలికి పోవద్దన్నానా?"

"ఎప్పుడన్నావు నాన్నా?"

"ఇప్పుడంటున్నాను. తియ్యి. వంట సంగతి చూడండి. మీ అత్త వస్తుంది, గోధుమలు కూడా ఇంకా ఏరిపెట్టలేదంటుంది."

"నాన్నా," అంది నెవెనా, "అమ్మ కాదంది అంటున్నాడు వీడు."

దోబ్రి రొట్టెను బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసి అల్మారాలో పెట్టాడు. "దాన్ని ఆపెయ్యరా."

ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది నెవెనాకు. నాన్నకేదో తెలుసు. తెలిసి దాస్తున్నాడు. అమ్మ కాదన్న సంగతి తెలిసీ తనను కాపాడుతున్నాడా? ఆ ఆలోచన రాగానే ఆమెకు ఇక ఆగడం చేతకాలేదు.

"తిషో, కంప్యూటర్‌తో పనిలేదు. వీసీఆర్‌ని టీవీకి తగిలించు. ఉన్నదున్నట్టు చూద్దాం."

"వద్దన్నాను!"

"తగిలించరా!"

తిషో ఇద్దరినీ చూశాడు. అక్క గొంతు గెలిచింది. తీగ మార్చి క్యాసెట్ వెనక్కి తిప్పి నొక్కాడు. పాత టీవీలో అమ్మ ఇంకాస్త పెద్దదిగా, ఇంకాస్త వెచ్చగా కనిపించింది. "అమ్మా, ఆపరేషన్ చేయించుకుందామా?" గడ్డం కదిలింది. వెంటనే తెరంతా తెల్లటి గీతలు, వాన కురిసినట్టు. మొహం రెండుగా చీలి పక్కకు జారింది. వాన వెలిసేసరికి కేకు.

"అదేంటి?" అని గొణుక్కుంటూ తిషో క్యాసెట్ బయటికి తీశాడు. మూత ఎత్తి, చక్రం వేలితో తిప్పుతూ కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "వారం రోజులు అనవసరంగా కంప్యూటర్‌ని తిట్టాను. దాని తప్పేం లేదు. రిబ్బనే అరిగిపోయింది. ఈ ఒక్క చోటే. ముందూ వెనకా కొత్తదిలా ఉంది."

"ఒక్క చోటే ఎలా అరుగుతుంది?"

"ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి... ఆపినప్పుడల్లా లోపలి చక్రం అక్కడే గీరుతుంది. కానీ ఇంత అరగాలంటే..." తిషో లెక్క కట్టలేక ఆగాడు. "వందలసార్లు. నేను ఈ వారంలో పదిసార్లు కూడా ఆడించలేదు. నువ్వు చూశావా?"

"నేను దాన్ని ముట్టుకోనైనా లేదు."

ఇంట్లో మూడో మనిషి అల్మారా ముందు, వీపు ఇటు పెట్టి, తీసిన తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీరిద్దరూ పనికి పోయాక," అన్నాడు దోబ్రి అల్మారాతోనే మాట్లాడుతున్నట్టు, "పొద్దున్నే పెట్టుకునేవాణ్ణి. ముందు వారానికోసారి. తర్వాత రోజూ."

కింద వీధిలో ఎవరో కారు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు.

"ముప్పై ఒక్క ఏళ్ళు కిందవాడి చేతి సైగ చూసి బరువులెత్తాను. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి, వాడు చెప్పిందే వినాలి. సైగ సరిగ్గా కనిపించకపోతే ఎత్తకూడదు. ఇదీ నియమం. ఆరోజు నేను వంటింట్లో ప్లేట్లు కడుగుతున్నాను. వచ్చి ఏమందని అడిగాను. అవునంది నాన్నా అన్నావు. నేను ఎత్తేశాను." అల్మారా తలుపు మూశాడు. "నా పెళ్ళాం మొహం నేను చూడకుండా ఎత్తేశాను నెవెనా."

"మరి క్యాసెట్లో ఏముంది నాన్నా? అరగక ముందు?" అడిగింది. ఆ ప్రశ్న అడిగింది తన నోరేనా అనిపించింది.

"మొదట్లో అవునన్నట్టే ఉండేది. ఓ నెల అయ్యాక కాదన్నట్టుండేది. ఒకసారి పొద్దున అవునంది, అదే రోజు మధ్యాహ్నం కాదంది. పక్షవాతం కదా, మెడ సగమే తిరిగేది. ఒక్కోసారి అసలు జవాబే కాదేమో, నెత్తి మీద కొమ్మలు జారుతుంటే సర్దుకుందేమో అనిపించేది." ఆయన నవ్వబోయి మానేశాడు. "చూసేకొద్దీ గీతలు పెరిగాయి. ఇంకొక్కసారి చూస్తే తేలిపోతుందనుకునేవాణ్ణి. చూసీ చూసీ నేనే చెరిపేశాను."

తిషో క్యాసెట్‌ను ఒడిలో పెట్టుకుని తల దించుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే మీ అక్క చెవిన పడుతుంది. దానికి నమ్మకంగా ఉంది కదా, అమ్మ అవునందని. ఇంట్లో ఒక్కరైనా నిద్రపోవాలి కదా అనుకున్నాను."

నెవెనాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఆరు నెలలుగా తను ఒడ్డున దిగినప్పుడల్లా ఫోన్ చేసి గట్టిగా, ఉత్సాహంగా మాట్లాడింది నాన్న నిద్రపోవాలని. ఆయన అంతే గట్టిగా జవాబిచ్చాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కేబిన్‌లో, ఆయన టీవీ ముందు.

"అక్కా, నేనన్న మాట..." అన్నాడు తిషో.

"ఊరుకోరా. నిజమే అయుండొచ్చు. నాకు తెలీదు. నాకేమీ తెలీదు." ఆ మాట పైకి అనేసరికి గుండెలో ఏదో బిగువు సడలినట్టయింది. అది ఊరటో, ఇంకా లోతుకు దిగడమో కూడా ఆమెకు తెలియలేదు.

తిషో క్యాసెట్ మూత వేశాడు. "శనివారానికి ఆ ముక్క కత్తిరించేయనా?"

"ఉంచు," అన్నాడు దోబ్రి. "గెంతితే గెంతనీ. నేను చేసిందేగా."

నెవెనా లేచి తండ్రి దగ్గరికి వెళ్ళింది. దగ్గర్నుంచి చూస్తే ఆయన గడ్డం ఒక పక్క సరిగ్గా గీసుకోలేదు. తన చేతుల్లోంచి ఉప్పునీటి పులుపు వాసన ఇంకా వస్తోంది.

"నాన్నా, నా మీద కోపముందా?"

దోబ్రి గడ్డం పైకెత్తబోయాడు. సగం లేచేలోపే ఆమె రెండు చేతులతో ఆ మొహాన్ని పట్టి ఆపేసింది.

"తలతో వద్దు నాన్నా. నోటితో చెప్పు."

ఆయన పెదాలు రెండుసార్లు కదిలాయి. మూడోసారి మాట వచ్చింది.

"లేదమ్మా. లేదు."