పది నంబరు సాకెట్

మా మరిదికి రెండు చేతులున్నాయి, కానీ ఇంటికి వాటివల్ల ఎలాంటి ఉపయోగమూ లేదు. పైఅరలో డబ్బా అందివ్వమంటే "చేతికి గ్రీజుంది వదినా" అంటాడు. కరెంటు బల్బు మార్చమన్నా గ్రీజే. చివరికి అన్నానికి పిలిచినా గ్రీజే. ఆ చేతులు పొద్దస్తమానం ఆయనగారి డీజిల్ పికప్ ఇంజన్లోనే ఉంటాయి.

ఆ బండిని మెకానిక్ ముట్టుకోకూడదు. ఎప్పుడో ఎవరో ఒక బోల్టు సరిగ్గా బిగించలేదట. అప్పటినుంచి ఆయిల్ మార్చినా, బెల్టు మార్చినా అంతా స్వహస్తాలతోనే. ఆ ఇంజన్ని అమర్చినవాడు మనిషి చేతిని ఎన్నడూ చూసి ఉండడని నా అనుమానం. అంత ఇరుకు. ఈయన చెయ్యి దూర్చడం, తోలు గీరుకుపోవడం, నేను దూది వెతకడం మా ఇంట్లో మామూలే.

ఇలాంటివాణ్ణి కూడా ఒక అమ్మాయి ఇష్టపడింది. మొక్కల నర్సరీ నడుపుతుంది. మావాడు మొదటిసారి కుండీల లోడు తీసుకెళ్లినప్పుడు, "దింపుతున్నావా, పగలగొడుతున్నావా?" అని అరిచిందట. ఆ కేకకే పడిపోయాడు.

మిగిలింది ఆ పిల్ల నాన్న. గడియారాలు బాగుచేసే మనిషి. ఆలస్యం అనే మాట ఆయన దృష్టిలో బూతు. "ఆదివారం నాలుగింటికి వచ్చి నాతో మాట్లాడమను. రాకపోతే ఈ పెళ్లి సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తొద్దు" అని తేల్చి చెప్పాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా మరిది నున్నగా తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తీరిగ్గా వెళ్లి బానెట్ ఎత్తాడు.

"ఇప్పుడా?" అన్నాను.

"డీజిల్ ఫిల్టర్ వదినా. అరగంట పని. దార్లో బండి ఆగిపోతే పరువు పోదూ?"

"ఆటోలో వెళ్లి చావచ్చుగా!"

"బండి మీద బతికేవాణ్ణి, ఆటోలో దిగితే ఆయనేమనుకుంటారు?"

మా ఆయన టార్చి పట్టుకుని సాయానికి దిగారు. వెలుగు ఫిల్టర్ మీద తప్ప అన్నిటి మీదా పడింది.

నట్టు విప్పే పది నంబరు సాకెట్ జారి, ఇంజన్ అడుగున ఉండే ప్లాస్టిక్ తొడుగులో పడింది. మావాడు ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద పడుకుని, తొడుగు విప్పి, దాన్ని తీశాడు. మళ్లీ పడింది. మళ్లీ తీశాడు. మూడోసారీ అంతే. నాలుగోసారి అది ఇంజన్ వెనకాల ఎక్కడో ఆగింది. లేచి, పైనుంచి చెయ్యి దూర్చి గుప్పిట్లో బిగించాడు. అంతే, ఇక చెయ్యి బయటికి రాలేదు.

నాలుగయింది. మావాడి జేబులో ఫోను మోగుతోంది.

"నేనెత్తనా?"

"వద్దు వదినా! ఇరుక్కుపోయాడని చెప్పేస్తావు."

ఫోను మోగి మోగి ఊరుకుంది. చినుకులు మొదలయ్యాయి. కాసేపటికి గేటు ముందు స్కూటర్ ఆగింది. ముందు అమ్మాయి, వెనక గొడుగు పట్టుకుని వాళ్ల నాన్న.

"బతికే ఉన్నావా?" అంది ఆ పిల్ల, గొడుగు లాక్కుని దూసుకొస్తూ.

"చెయ్యి ఇరుక్కుంది."

"లోపలికి వెళ్లిన చెయ్యి బయటికెందుకు రాదు? గుప్పిట్లో ఏముంది?"

"పది నంబరు సాకెట్."

"వదిలెయ్."

"వదిలితే మళ్లీ కిందికి పోతుంది."

"నేను పోతున్నా. అది ఫర్వాలేదా?"

మావాడు నోరు తెరిచేలోగా పెద్దాయన చొక్కా చెయ్యి మడుస్తూ ముందుకొచ్చాడు. "తప్పుకో అమ్మా. ఆవగింజంత స్క్రూలతో బతికిన వేళ్లివి." పైనుంచి చెయ్యి దూర్చాడు. "ఆ, దొరికింది. ఇక నువ్వు వదులు."

"మీరు గుప్పిట బిగిస్తే మీ చెయ్యీ రాదు మావయ్యగారూ."

"ఎవరు మావయ్య?"

"సార్."

పెద్దాయన లాగాడు. రాలేదు. కాస్త అటు తిప్పి లాగాడు. ఇటు తిప్పీ లాగాడు.

"ఇందులో ఏదో మెలికుంది" అన్నాడు గంభీరంగా.

అలా ఇద్దరూ ఒకే సాకెట్ పట్టుకుని, బానెట్ కింద ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గరగా నిలబడ్డారు.

"నాలుగింటికి రమ్మన్నాను."

"అరగంట పనే అనుకున్నానండీ."

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"మీరు నవ్వుతారని."

"మా నాన్న నవ్వరు" అంది అమ్మాయి గొడుగు కిందనుంచి. "ఎప్పుడూ నవ్వలేదు."

నేను టీ తెచ్చాను. ఇద్దరూ ఎడమచేత్తో తాగారు. కుడిచేతిలోని సాకెట్ మాత్రం ఎవరూ వదల్లేదు.

"మీరెలా వేగుతున్నారక్కా?" అంది ఆ పిల్ల విసుగ్గా.

"అలవాటైపోతుందని పెళ్లిలో చెప్పారమ్మా. ఇంకా ఎదురుచూస్తున్నాను."

మా ఆయన టార్చి నా మొహం మీద వేశారు.

ఆ పిల్ల నవ్వబోయి ఆపుకుంది. గొడుగు ముడిచింది. వానలోనే స్కూటర్ దగ్గరికి నడిచి, తాళంచెవి పెట్టింది. వెనక్కి చూడలేదు.

మావాడు చూశాడు. బానెట్ కిందనుంచి తడిసిపోతున్న ఆమె జడనే చూశాడు. అతని భుజం ఒక్కసారిగా సడలింది. చెయ్యి గీరుకుంటూ బయటికొచ్చింది.

"సాకెట్ మీరే ఉంచుకోండి సార్" అని వానలోకి పరిగెత్తాడు.

"వెళ్లొద్దు. ఫోనెత్తాల్సింది. ఆటోలోనైనా రావాల్సింది. రేపట్నుంచి ఫిల్టర్లన్నీ మెకానిక్కే."

ఆ పిల్ల అతని చెయ్యి అందుకుంది. వేళ్ల కణుపులన్నీ చెక్కుకుపోయాయి. చున్నీ కొస తీసి చుట్టబోయింది.

"గ్రీజవుతుంది."

"అవనీ. నోర్ముయ్."

ఆమె కళ్లు మాత్రం ఆ మాట అనలేదు. మావాడు వాటినే చూస్తూ బుద్ధిగా నోర్మూసుకున్నాడు.

బానెట్ కింద ఒంటరిగా మిగిలిన పెద్దాయన ఇంకా లాగుతూనే ఉన్నాడు. "వచ్చేస్తోంది... ఇంకొంచెం..."

"వదిలెయ్యండి నాన్నా."

"వదిలితే కిందికి పోతుందమ్మా!"

అనేశాక ఆయనే ఆగిపోయాడు. వాన బానెట్ మీద గట్టిగా చప్పుడు చేసింది. తర్వాత ఇంజన్ లోతుల్లోంచి ఠంగ్, ఠంగ్ మని వినపడింది.

పెద్దాయన చెయ్యి బయటికొచ్చింది, మోచేతిదాకా నల్లగా. మణికట్టు గడియారం అద్దం నిండా గ్రీజు. టైము చూడబోయి మానేశాడు. తన చేతినీ, చున్నీ చుట్టిన కుర్రాడి చేతినీ మార్చి మార్చి చూశాడు.

"చేతులెక్కడ కడుక్కోవాలమ్మా?" అని నన్నడిగాడు. తర్వాత కూతురి వైపు తిరక్కుండానే గొణిగాడు: "లోపల కూర్చుని పెళ్లి సంగతి మాట్లాడుకుందాం. ఈ కుర్రాడు మాట నిలబెట్టుకోడని దారంతా తిట్టుకుంటూ వచ్చాను. తీరా పట్టుకున్నాక నేనూ వదల్లేకపోయాను."

"ఏంటి నాన్నా? వానలో సరిగ్గా వినపడలేదు."

"తప్పు నాదే అంటున్నాను!" అని అరిచాడు పెద్దాయన, వీధి వీధంతా వినపడేలా.