పక్కగదిలో దగ్గు

తలుపు కొడుతున్నారు. సుభాషిణి లేవలేదు. తెరమీద ఒక స్పానిష్ స్త్రీ ఉప్పు కుప్ప పక్కన నిలబడి కిటికీలోంచి దారి చూస్తోంది. అలా చూడటం మొదలుపెట్టి చాలాసేపైంది. ఇప్పుడు లేస్తే మనసు మళ్ళీ అక్కడికి రాదు, మళ్ళీ మొదటినుంచీ చూడాలి. అప్పటికే అది మూడో ప్రయత్నం.

తలుపు ఆగకుండా మోగుతూనే ఉంది. తిట్టుకుంటూ సినిమా ఆపి వెళ్ళి తీసింది. గుమ్మంలో ఆరోగ్యదళం నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి, చేతిలో మందుల పెట్టె.

“మేడమ్, ఈ ఇంట్లో ఎవరో గంటనుంచీ కూర్చున్నచోటినుంచి కదల్లేదని మీ హాల్లోని నాడిగంటనుంచి మాకు కబురొచ్చిందండి. పేషెంటు ఎక్కడున్నారు?”

“నేనే. సినిమా చూస్తున్నాను.”

“చూసెయ్యొచ్చు కదండీ?”

“చూసెయ్యడం కాదమ్మా. చూస్తున్నాను.”

ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో ఆ అమ్మాయికి అంతుపట్టలేదు. ఎందుకైనా మంచిదని సుభాషిణి నాడి చూసి, కళ్ళు చూసి, నీళ్ళు బాగా తాగమని చెప్పి వెళ్ళిపోయింది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమె పుట్టేనాటికే తలపుబిళ్ళ వచ్చేసింది. బొట్టుబిళ్ళంత ఉంటుంది. చెవి వెనక అతికించుకుంటే కాఫీ చల్లారేలోపు సినిమా మొత్తం తలకెక్కుతుంది. ఎప్పుడో చూసింది గుర్తున్నట్టే గుర్తుంటుంది. మొదట్లో సినిమాలకే ఉండేది. తర్వాత పాఠాలకు పాకింది, ఆ తర్వాత ప్రయాణాలకు, చివరికి పెళ్ళిళ్ళకు. ఇప్పుడు విజయవాడలో పెళ్ళయిన మర్నాడు ఇంటింటికీ బిళ్ళలు పంచుతారు. విందు ఎంత బాగుందో ఊరందరికీ గుర్తుంటుంది, తిన్నవాళ్ళు మాత్రం పదిమంది. ‘చూశాను’ అనే మాట వాడుకలోంచి జారిపోయి ‘చూసేశాను’ మిగిలింది. పని వదిలించుకున్నవాళ్ళ మాట అది.

సుభాషిణి కాలేజీలో సినిమా చరిత్ర చెబుతుంది. పేరుకు సుభాషిణే గానీ, ఆవిడ నోటికి జడిసి పిల్లలు ముందుబెంచీ ఖాళీగా వదిలేస్తారు. ఆవిడకు ప్రాణప్రదమైన దర్శకుడు ఎస్తెబాన్ ఓల్మెదో. స్పెయిన్‌లో ఎక్కడో ఎండిపోయిన పల్లెలో కూర్చుని ఏడంటే ఏడు సినిమాలు తీసి పోయాడు. వాటిలో బిళ్ళగా దొరికేది ‘ఉప్పు గిడ్డంగి’ ఒక్కటే. భర్త తోలుకొచ్చే బండికోసం ఒక స్త్రీ ఎదురుచూస్తుంది. బండి రాదు. కథ అంతే.

అందులో సుభాషిణిని కట్టిపడేసింది ఒక దగ్గు. ఆ స్త్రీ కిటికీ దగ్గర నిలబడి ఉండగా పక్కగదిలో ఎవరో దగ్గుతారు. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి చిన్నది ఇంకొకటి. దగ్గిందెవరో దర్శకుడు చూపించడు. కనిపించని మనిషికి ఒక్క దగ్గుతో ప్రాణం పోశాడని సుభాషిణి వ్యాసాలు రాసింది, పాఠాలు చెప్పింది. ఏటా పరీక్షలో దానిమీద ఒక ప్రశ్న ఇచ్చేది కూడా.

అలాంటిది, వేసవిలో గాంధీనగర్ వెళ్ళినప్పుడు ఆ డిస్కులు కంటపడ్డాయి. ఒకప్పుడు సినిమా పంపిణీదారుల ఆఫీసులు నిండిన వీధి అది. అక్కడ ఒక మేడ పడగొడుతుంటే పాత టేకు తలుపులు దొరుకుతాయేమోనని వెళ్ళింది. సున్నం పెళ్ళల మధ్య ఒక అట్టపెట్టె, దానిమీద ఓల్మెదో పేరు. ఇంట్లో పెట్టుకుని చూసుకోవడానికి ఎవరో ఎప్పుడో అమ్మిన డిస్కులు. ఏడు సినిమాలూ ఉన్నాయి! తలుపుల సంగతి మరిచిపోయి, ఆ పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని ఇంటికొచ్చింది.

సంతోషం అక్కడితో సరి. డిస్కు ఆడించే యంత్రంకోసం తిరగని చోటు లేదు. చివరికి కాలేజీలో ఫిజిక్స్ మాస్టారు పాడైన యంత్రాలు నాలుగు విప్పి, వాటిలోంచి ఒకటి నిలబెట్టి ఇచ్చాడు. తీరా కూర్చుంటే కూర్చోవడం చేతకాలేదు. తెరమీద ఉప్పు కుప్ప, దానిమీద ఎండ. ఎండ కదులుతోంది, అంతే, ఇంకేమీ జరగదు. చేతులు ఊరుకోవు. తల నిండా కూరగాయలు, పరీక్ష పేపర్లు, ఎవరికో చెయ్యాల్సిన ఫోను. పాతికేళ్ళుగా సినిమా పాఠాలు చెబుతున్న మనిషి ఒక్క సినిమా ముందు స్థిమితంగా కూర్చోలేకపోయింది. తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది.

“అంత అవస్థ ఎందుకు సుభా? బిళ్ళ అతికించుకో, అయిపోతుంది,” అన్నాడు భర్త చక్రపాణి, కాస్త జాలిగానే.

“అయిపోవడానికి కాదండీ చూసేది!” అని కసిరింది. ఆయన సంచీ తీసుకుని బజారుకు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆరోగ్యదళం అమ్మాయిని పంపించాక నాడిగంటమీద దుప్పటి కప్పి, మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. ఈసారి ఎందుకో మనసు నిలిచింది. ఎండ కదలడం కనిపించింది. ఆ స్త్రీ బొటనవేలు ఉప్పుమీద గీత గీసి, చెరిపి, మళ్ళీ గీయడం కనిపించింది. బిళ్ళలో ఆ బొటనవేలు లేనే లేదు. ఊపిరి బిగబట్టి దగ్గుకోసం ఎదురుచూసింది.

దగ్గు రాలేదు.

వెనక్కి తిప్పి చూసింది. శబ్దం పెంచి చూసింది. కిటికీ, గాలి, ఎక్కడో ఒక గొర్రె. పక్కగదిలో ఎవరూ లేరు. ఆ ఇంటికి అసలు పక్కగదే లేదు.

మర్నాడు ఉదయమే బిళ్ళలు తయారుచేసే స్మరణి సంస్థకు వెళ్ళింది. ప్రద్యుమ్న అనే అధికారి మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆ మర్యాద చూస్తే ఆవిడకు మరింత మండింది.

“లక్షలమంది చూసేశారండి. దగ్గు బాగోలేదని ఒక్కరూ అనలేదు.”

“బాగోలేదని నేనూ అనలేదు నాయనా. అది సినిమాలో లేదంటున్నాను. ఎక్కడినుంచి వచ్చింది?”

అతను తెరలో ఏదో వెతికాడు. వెతికి, కాస్త గొంతు తగ్గించాడు.

“యంత్రం తనంతట తాను సినిమా చూడలేదండి. తెరమీద ఏముందో దానికి తెలుస్తుంది గానీ, మనిషికి ఏం గుర్తుంటుందో తెలియదు. అందుకని ప్రతి సినిమానూ ముందు ఒక మనిషి పూర్తిగా చూడాలి. తొలిచూపరి అంటాం. ఆ మనిషి జ్ఞాపకాన్నే బిళ్ళల్లోకి దింపుతాం. మామూలుగా నిశ్శబ్దగదిలో కూర్చోబెడతాం. కృష్ణకు వరదొచ్చి మా గదులు మునిగిన యేడు మాత్రం కొందరు ఇళ్ళలోనే చూశారు. ఇది అప్పటిది.”

“అంటే ఎవరింట్లోనో ఎవరో దగ్గితే, నేను దానిమీద వ్యాసాలు రాశాను!”

ప్రద్యుమ్న తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. సుభాషిణికి తల తీసేసినట్టయింది. ఓల్మెదో మౌనం తప్ప మరేమీ నమ్ముకోని మనిషి. ఆయన మౌనంలోకి ఎవరో దగ్గితే, ఆ దగ్గునే ఆయన గొప్పతనమని ఊరందరికీ చాటింది తనే. దీన్ని ఇలా వదలకూడదు.

“దిద్దండి. నేను చూస్తాను. నన్నే తొలిచూపరిగా పెట్టుకోండి.”

అతను నియమాలు వివరించాడు. ఒక సినిమాకు ఒక్కరే తొలిచూపరి. కొత్త మనిషి వస్తే పాత నమూనా చెరిపేస్తారు. ఆ సినిమా ఎక్కిన ప్రతి తలలోకీ, తర్వాత ఎప్పుడు ఏ బిళ్ళ అతికించుకున్నా దాంతోపాటే దిద్దుబాటు ఎక్కుతుంది. కొత్త తొలిచూపరి తలను మాత్రం దిద్దుబాటు ముట్టుకోదు. మూలం అదే కాబట్టి.

“అయితే ఆ దగ్గు నా ఒక్కదానికే మిగులుతుందన్నమాట. నా ఖర్మ!” అంది సుభాషిణి.

నిశ్శబ్దగదిలో ఆవిడ ‘ఉప్పు గిడ్డంగి’ చూసింది. ఎండ, ఉప్పు, బొటనవేలు. చివర ఆ స్త్రీ కిటికీ మూసినప్పుడు కళ్ళవెంట నీళ్ళు కారాయి. నెల తిరిగేసరికి జనానికి ఆ బొటనవేలు గుర్తుండటం మొదలైంది. ముందుబెంచీలో ఒక పిల్ల కూర్చుని, “మేడమ్, ఆ గీత ఎందుకు చెరిపేస్తుందండీ?” అని అడిగింది. పాతికేళ్ళలో అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం సుభాషిణి చక్రపాణిని ఒక్క మాట కూడా కసరలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, చక్రపాణి బయటికి వెళ్ళిన సమయంలో, ఒక పెద్దాయన వచ్చాడు. బక్కపలచని మనిషి, ఇస్త్రీ చొక్కా. తన పేరు పరాంకుశమనీ, సత్యనారాయణపురంలో ఉంటాననీ, స్మరణి సంస్థలో అడ్రసు కనుక్కుని వచ్చాననీ చెప్పాడు.

“‘ఉప్పు గిడ్డంగి’కి మీకు ముందు తొలిచూపరిని నేనండి. దగ్గు పోయింది.”

సుభాషిణి నడుం బిగించింది. “నేనే తీయించాను. అది దర్శకుడు పెట్టింది కాదు. మరొకరి సినిమాలో అది ఉండటానికి వీల్లేదు.”

“అవునండి. ఆయన పెట్టలేదు. అది మా ఆవిడది.”

సుభాషిణి గుమ్మంలోంచి పక్కకు జరిగింది. కుర్చీ చూపించింది. ఆయన అంచుమీద కూర్చున్నాడు.

“ఆండాళ్ళుకి అప్పటికే ఒంట్లో బాగోలేదు. పక్కగదిలో పడుకుని ఉంది. నేను హాల్లో ఉద్యోగం చేస్తున్నాను కదా, సినిమా చూడటం. దగ్గింది. పని పాడవుతుందని విసుక్కుని శబ్దం పెంచుకున్నాను. మళ్ళీ దగ్గలేదండి. నాకు అడ్డమని కొంగు నోట్లో కుక్కుకుందేమో. ఆ వానాకాలం దాటలేదు తను.”

ఆయన చొక్కా చేతులు సరిచేసుకున్నాడు.

“ఫొటోలున్నాయి. పాటలు పాడింది రికార్డయి ఉంది. దగ్గునెవరు దాచుకుంటారండీ? రోజూ భోంచేశాక ఆ బిళ్ళ అతికించుకునేవాణ్ణి. సినిమా నాకు అక్కర్లేదు. తను పక్కగదిలో ఉన్నట్టుండేది. మొన్న అతికించుకుంటే, లేదు. దగ్గేదని తెలుసు. ఎలా దగ్గేదో తలలోంచి పోయింది.”

సుభాషిణి వెంటనే ప్రద్యుమ్నకు ఫోను చేసింది. పాత నమూనా చెరిపేశామన్నాడు. కావాలంటే ఫిర్యాదు నమోదు చేసుకుంటానన్నాడు. “మీరూ మీ ఫిర్యాదూ!” అని పెట్టేసింది. ఎవరిమీద అరవాలో తెలియలేదు. దిద్దమని పట్టుబట్టింది తనే. దిద్దింది కూడా తప్పేమీ కాదు. అదే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

“తొలిచూపరి తలను దిద్దుబాటు ముట్టుకోదు కదండీ,” అన్నాడు పరాంకుశం, అడగలేక అడుగుతూ. “మీ దగ్గరుందా?”

ఉంది. నెలరోజులుగా వదిలించుకుందామని చూస్తున్న దగ్గు చెక్కుచెదరకుండా ఉంది.

“రెండు పొడి దగ్గులు,” అంది. “కాస్త ఆగి చిన్నది ఇంకొకటి…”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “మీ వ్యాసంలో చదివానండి. బాగా రాశారు. వినబడటం లేదు.”

సుభాషిణి గొంతు సవరించుకుని దగ్గి చూపించబోయింది. ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు. “ఎదురుగా వద్దండి.”

ఆవిడ లేచి పక్కగదిలోకి వెళ్ళి తలుపు ఓరగా వేసింది. మంచంమీద కూర్చుని దగ్గింది. అది దగ్గు కాదు, క్లాసులో పాఠం. హాల్లోంచి ఏ చప్పుడూ లేదు. మళ్ళీ దగ్గింది. ఇంకా అన్యాయంగా ఉంది. ఇన్నేళ్ళు ఊరంతటికీ వివరించిన దగ్గు, తీరా కావలసిన మనిషికి దగ్గి వినిపించడం చేతకావడం లేదు. కోపంతో కళ్ళు చెమర్చాయి.

అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ దాన్ని వినబడాలని దగ్గిన దగ్గే అనుకుంది. కాదు. అవతల పని చేసుకుంటున్న మనిషికి అడ్డం రాకూడదని ఆపుకుంటూ, ఆపుకోలేక దగ్గింది. సుభాషిణి కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. వినబడకూడదు అనుకుంది.

రెండు పొడి దగ్గులు. కాస్త ఆగి, చిన్నది ఇంకొకటి.

హాల్లో కుర్చీ కిర్రుమంది. తర్వాత పరాంకుశం గొంతు వినిపించింది.

“ఆండాళ్ళూ, మంచినీళ్ళు తెమ్మంటావా?”

సుభాషిణి నోటికి అడ్డంపెట్టుకున్న కొంగు తీసింది.

“ఆఁ, తీసుకురండి,” అంది మెల్లిగా.

ఆయన అడుగులు వంటింటివైపు వెళ్ళాయి. తెలియని ఇంట్లో గ్లాసు వెతుక్కుంటున్న చప్పుడు. ఒక అలమారా తీశాడు, మూశాడు, ఇంకొకటి తీశాడు. గ్లాసులు పై అరలో ఉంటాయని ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆవిడ చెప్పలేదు. మంచంమీద కదలకుండా కూర్చుని నీళ్ళకోసం ఎదురుచూసింది.