జంపర్ వైరు

పరుగు... పరుగు... పరుగు!

లిఫ్టు మెకానిక్ కారిడార్‌లో పడి పరిగెడుతున్నాడు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది స్విమ్మింగ్ పూల్ దగ్గరే ఊడిపోయింది.

వెనకాల బూట్ల చప్పుడు.

ఇద్దరు... కాదు, ముగ్గురు!

అందరి మొహాలకీ నల్ల గుడ్డలు. ముందున్నవాడి చేతిలో పిస్టల్.

"ఆగు. నువ్వేం చేశావో మాకు తెలుసు."

మెకానిక్ ఇంకా వేగం పెంచుతాడు.

ఎదురొస్తున్న కుటుంబం గోడకి ఒదిగి దారి ఇస్తుంది. ఎవరూ కేకలు వేయరు. చప్పట్లు కొడతారు. మనవరాలిని ఎత్తుకున్న పెద్దాయనైతే, "ఇంకొంచెం స్పీడు పెంచు బాబూ, దొరికిపోతావ్" అని హుషారు చేస్తాడు.

చప్పట్లు కొట్టరా మరి? ఇది ఓడదొంగల రిసార్టు. గదుల్ని కేబిన్లంటారు. కిటికీలన్నీ గుండ్రం. పూల్ పక్కనే రెండంతస్తుల చెక్క ఓడ. రిసెప్షన్‌లో అమ్మాయి కూడా ఒక కంటికి నల్ల పట్టీ కట్టుకునే గది తాళం ఇస్తుంది. ఇక్కడ మనిషిని నిజంగా చంపినా జనం ఫోటోలు తీస్తారు.

చంపాలనుకున్నవాడికి ఇంతకంటే మంచి చోటు దొరకదు!

వచ్చిందెవరో మెకానిక్‌కి తెలుసు.

చనిపోయినామె భర్త.

ఎనిమిది నెలల కిందట ఆస్పత్రి గేటు దగ్గర ఆ మనిషి ఒకే మాట అన్నాడు. "ఇది ఎవడి వల్ల జరిగిందో తెలిసిన రోజు, వాడు ఎక్కడున్నా వస్తా." గట్టిగా కూడా అనలేదు. అప్పుడు మెకానిక్ రెండడుగుల దూరంలో తలదించుకుని నిలబడి ఉన్నాడు.

వచ్చేశాడు!

మలుపు. మెట్లు. ఇంకో కారిడార్.

లిఫ్టు తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. కదలనివ్వకుండా ఒక లాక్ ఉంటుంది. రిపేరు చేసేటప్పుడు ఆ లాక్‌ని తప్పించడానికి జానెడు వైరు తగిలిస్తారు. దాన్నే జంపర్ అంటారు. పని అయ్యాక తీసేయాలి.

ఆ రోజు అతను తీయలేదు.

ఫోన్ వచ్చింది. మాట్లాడుతూనే టూల్ బ్యాగ్ సర్దుకున్నాడు. "బావా, జంపర్లన్నీ తీసేశామా?" అని బావమరిది అడిగాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే జట్టు. "తీసేశాంలే, సంతకం పెట్టు" అన్నాడితను.

సాయంత్రం ఏడో అంతస్తులో తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పైకి పోయింది. ఒకామె ఫోను చూసుకుంటూ లోపలికి అడుగేసింది.

అక్కడ లిఫ్టు లేదు.

పోలీసులు వచ్చేలోపు మెకానిక్ వైరు పీకి జేబులో వేసుకున్నాడు. లాగ్‌బుక్‌లో సంతకం బావమరిదిది. వాణ్ణే తీసుకెళ్ళారు. ఇతను నోరు మెదపలేదు. జైల్లో చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా బావమరిది అదే మాట అంటాడు. "నేనే మర్చిపోయుంటా బావా. నువ్వేం బాధపడకు."

ఆ మాట విన్న రోజు నుంచి మెకానిక్‌కి నిద్ర లేదు. భార్య అతన్ని చూసి కుమిలిపోతోంది. "తమ్ముడి మీద బెంగ నాకంటే మీకే ఎక్కువైంది" అంటుంది. స్థలం మారితే నిద్ర పడుతుందని డాక్టర్ చెబితే, ఆమే వెతికి వెతికి ఈ రిసార్టుకి తీసుకొచ్చింది. తన తలకింది దిండు కూడా తీసి అతనికే పెడుతోంది. అలాంటిదాని ముందు రోజూ నటిస్తున్నందుకు తనంటే తనకే అసహ్యం.

కారిడార్ అయిపోయింది.

చివర్లో లిఫ్టు. తలుపు తెరిచే ఉంది!

లోపల లైటు. అద్దం. కిందికి వంగి చూస్తాడు... ఫ్లోర్ ఉంది. కళ్ళెదుటే ఉంది.

అయినా కాలు కదలదు.

ఎనిమిది నెలలుగా అతను లిఫ్టు ఎక్కలేదు. లిఫ్టు మెకానిక్ మెట్లెక్కి డ్యూటీకి వస్తున్నాడని కంపెనీలో ఒకటే నవ్వులు. పొట్ట తగ్గాలంటే తప్పదని తనూ నవ్వేసేవాడు.

తలుపు మూసుకుంటుంది.

మెడ వెనక చల్లగా పిస్టల్ తగులుతుంది.

"దొరికావ్. పద."

చేతులు వెనక్కి విరిచి కడతారు. పూల్ పక్క నుంచి నడిపించి ఓడ ఎక్కిస్తారు. సాయంత్రం ఎండ కళ్ళల్లో పడుతోంది. కింద వంద మంది గెస్టులు. ముందు వరసలో భార్య! ఫోను ఎత్తి పట్టుకుని నవ్వుతోంది.

పిచ్చిది. నాటకం అనుకుంటోంది.

ఆమెకేం కాకూడదు. ఏం కావాలన్నా తనకే కావాలి.

నల్ల గుడ్డవాడు పిస్టల్ కణతకి ఆనిస్తాడు. వాడి కాలర్‌కి మైకు ఉంది.

"నీ పాపం ఏంటో అందరి ముందూ ఒప్పుకో. పది లెక్కపెడతా. ఒకటి..."

జనం కూడా గొంతు కలుపుతారు.

"రెండు... మూడు..."

"ఆ వైరు నాదే."

ఎవరో కిసుక్కుమంటారు.

"జంపర్ తీయకుండా వదిలేసింది నేను. మీ ఆవిడ చనిపోయింది నా వల్లే. నా బావమరిదికి ఏ పాపమూ తెలీదు. తీసేశామని అబద్ధం చెప్పి వాడితో సంతకం పెట్టించా. వాణ్ణి జైల్లో కూర్చోబెట్టి నేను ఇంట్లో అన్నం తిన్నా. నన్ను కాల్చెయ్... మా ఆవిణ్ణి మాత్రం ఏం చెయ్యకు."

నవ్వులు ఆగిపోతాయి.

కణత మీది పిస్టల్ మెల్లగా కిందికి దిగుతుంది. నల్ల గుడ్డ జారుతుంది.

మెకానిక్ ఆ మొహాన్ని జన్మలో చూడలేదు. మీసాలు కూడా సరిగా రాని కుర్రమొహం. పాలిపోయి ఉంది.

"సార్... ఇది గేమ్ సార్" అని గొణుగుతాడు వాడు. "మీ బర్త్‌డే కదా. మేడమ్ మీకోసం కిడ్నాప్ షో బుక్ చేశారు. అందరూ ఏదో... ఫ్రిజ్‌లో కేకు దొంగతనంగా తిన్నామని చెబుతారు సార్."

ఢాం!

పైడెక్ మీద చెవుల్లో దూది పెట్టుకుని ఉన్న రెండో దొంగకి ఈ మాటలేవీ వినపడలేదు. పది లెక్కకి పేల్చాల్సిన ఫిరంగిని తన లెక్క ప్రకారం పేల్చేశాడు. రంగు కాగితాలు జలజలా రాలతాయి. స్పీకర్లలో పుట్టినరోజు పాట మొదలవుతుంది.

ఒక్కరూ చప్పట్లు కొట్టరు.

భార్య లేస్తుంది. ఓడ మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంది. జుట్టు నిండా రంగు కాగితాలు. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

దగ్గరికొచ్చాక ఫోను అతని వైపు తిప్పుతుంది. వీడియో కాల్. కొడుకు జైలుకి వెళ్ళినప్పటి నుంచీ నవ్వని అత్తగారిని, అల్లుడి అవస్థ చూపించి కాసేపు నవ్విద్దామనుకుంది పాపం.

తెర మీద అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"అమ్మకి సరిగ్గా వినపడలేదట" అంటుంది భార్య. "మళ్ళీ చెప్పండి."