పసుపు మడ్డి పేరుకోకముందే

“బాంబు ఉన్న మాట నిజమే. నువ్వు బయటికి వచ్చెయ్. ఇది ఆర్డర్.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. నర్సు వేషంలో ఉన్న ఏజెంట్ టీచరమ్మ కదల్లేదు. ఒకప్పుడు కెమిస్ట్రీ పాఠాలు చెప్పేది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది.

హాస్పిటల్ బేస్‌మెంట్‌లో ఆమె ఎదుట బాంబుకు బిగించిన పెద్ద ఫ్లాస్క్, అందులో లీటరు దాకా లెడ్ నైట్రేట్ ద్రావణం. పైన బిగించిన సన్నని గాజు బ్యూరెట్ నుంచి పొటాషియం అయొడైడ్ చుక్కలు పడుతున్నాయి. లెడ్ అయొడైడ్ పసుపు మడ్డిగా విడిపోయి ఫ్లాస్క్ గుండా పోతున్న లేజర్ కిరణానికి అడ్డుపడితే చాలు, బిల్డింగ్ పేలిపోతుంది. బ్యూరెట్‌ను తాకినా అంతే.

“మా అన్నయ్య పైన ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు సార్. ఛాతీ తెరిచి ఉంది. ఎలా మోసుకురమ్మంటారు?”

“నువ్వొక్కదానివైనా...”

“రాను సార్.”

టీచరమ్మ సంకెళ్లతో నీటి గొట్టానికి కట్టేసిన ఆడమనిషి కిసుక్కున నవ్వింది; ఆమె మారుపేరు నెమలి. ఖరీదైన సెంటు, నదురూ బెదురూ లేని కళ్లు. చీఫ్ దగ్గరే జీతం తీసుకుంటూ విదేశీ ముఠాకు పనిచేసిన డబుల్ ఏజెంట్; ఈ బాంబు అమర్చింది ఆమే.

“గాఢతలు చెప్పు,” అంది టీచరమ్మ.

“చెప్పకపోతే?”

“ఇద్దరం కలిసే పోదాం. నాకేం తొందర లేదు.”

నెమలి నవ్వు ఎగిరిపోయింది. “లెడ్ పాయింట్ జీరో జీరో వన్ మోలార్. అయొడైడ్ పాయింట్ వన్.”

టీచరమ్మ మనసులోనే లెక్క కట్టింది. సీసం గాఢతను అయొడైడ్ గాఢత వర్గంతో గుణించాలి. ఆ లబ్ధం ఎనిమిది ఇంటూ టెన్ పవర్ మైనస్ నైన్ దాటితే మడ్డి కూర్చుంటుంది; బ్యూరెట్ ఖాళీ అయ్యేలోపే దాటేస్తుంది. చుక్క పడినచోటల్లా పసుపు తీగ మెరిసి కరుగుతోంది, కానీ కరగడానికి అంతకంతకూ ఆలస్యమవుతోంది.

“నీళ్లు రెట్టింపు చేస్తే సీసం సగం, అయొడైడ్ వర్గం పావు. లబ్ధం ఎనిమిదో వంతుకు పడిపోతుంది సార్.”

“అయితే కుళాయి తిప్పు!”

“కుళాయి నీళ్లలో సల్ఫేటు ఉంటుంది. లెడ్ సల్ఫేట్ తెల్లగా పేరుకుంటుంది. మీరు కాస్త ఊరుకోండి!”

పక్కనున్న స్టోర్‌రూమ్ తలుపును ఒక్క తన్ను తన్నింది. ఇంజెక్షన్లలో కలిపే డిస్టిల్డ్ వాటర్, లీటరు సీసా దొరికింది. మూత పళ్లతో పీకి, ఫ్లాస్క్ గోడ వెంట మెల్లగా జారవిడిచింది. ఆమెకు భయంగానే ఉంది. తనను భయపెట్టినవాళ్ల మీద ఒళ్లు మండిపోతోంది కూడా.

కరగకుండా వేలాడుతున్న పసుపు తీగ చప్పున మాయమైంది. బ్యూరెట్‌లో ఆఖరి చుక్కా పడిపోయింది. ఫ్లాస్క్ తేటగానే ఉంది. నెమలి గోడకు జారగిలబడి ఏడ్చేసింది.

“ఆర్డర్ ధిక్కరించావు,” అన్నాడు చీఫ్. “సస్పెండ్ చేస్తున్నా. వెంటనే ఆఫీసుకు రా.”

“ఆ ఆర్డర్ కూడా ధిక్కరిస్తున్నా సార్. అన్నయ్యకు మత్తు దిగాలి.”