హాల్లోనా, బెడ్‌రూమ్‌లోనా

ఉదయం తొమ్మిదిన్నరకి ఏసీ బిగించే మెకానిక్ వచ్చాడు. అట్టపెట్టెలు రెండూ గుమ్మం పక్కన దింపి, చెప్పులు విడిచి, "ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు.

"హాల్లో," అంది అత్తగారు మంచం మీంచే.

"బెడ్‌రూమ్‌లో," అంది కోడలు వంటగదిలోంచి.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. మెకానిక్ ఇలాంటి ఇళ్ళు చాలా చూసినవాడు. ఆడవాళ్ళిద్దరినీ వదిలేసి ఇంటాయన వైపు తిరిగాడు.

ఇంటాయన పేరు బుజ్జి. నలభై రెండేళ్ళు నిండాయి, నడినెత్తిన జుట్టు పోయింది, ఆ ముద్దుపేరు మాత్రం పోలేదు. ఎవరేం అడిగినా "సరే" అనడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. పోయిన వారం తల్లి, "హాల్లో పెట్టించరా, తలుపులన్నీ తీసుంచితే ఇల్లంతా చల్లగా ఉంటుంది," అంటే సరే అన్నాడు. ఆ సాయంత్రమే భార్య, "బెడ్‌రూమ్‌లో పెట్టిద్దామండీ," అంటే దానికీ సరే అన్నాడు. ఆ రెండు సరేలూ ఒకరోజు ఎదురెదురుగా వచ్చి నిలబడతాయని అతనికి తట్టనే లేదు.

"ముందు కాస్త టీ తాగుతారా?" అన్నాడు మెకానిక్‌తో.

"టీకేముంది సార్. గోడకి కన్నం ఒకసారి కొట్టానంటే మళ్ళీ అటూ ఇటూ జరపలేం. మీరు మీరు అనుకుని చెప్పండి. బయట పెట్టాల్సిన పెట్టె ఎలాగూ బాల్కనీలోకే కాబట్టి ఈలోగా దాని స్టాండు బిగిస్తాను. కొంచెం పట్టుకుందురు రండి."

బుజ్జికి ప్రాణం లేచి వచ్చింది. పిలిచిందే చాలన్నట్టు బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో ఉన్నవి హాలు, ఒక పడగ్గది, వంటగది. కిటికీ పక్క మంచం అత్తగారిది. దానికి ఎదురుగా పడగ్గది తలుపు. రెండేళ్ళ కిందట ఆవిడకి ఆయాసం మొదలైనప్పటి నుంచి ఆ తలుపు రాత్రిళ్ళు మూసింది లేదు.

"బెడ్‌రూమ్‌లో పెడితే మీ ఇద్దరికే. హాల్లో అయితే ముగ్గురికీ కదా," అంది అత్తగారు.

"వంటగదికి తలుపే లేదు అత్తయ్యా. చల్లదనమంతా అటే పోతుంది," అంది కోడలు, తుడిచిన గట్టునే మళ్ళీ తుడుస్తూ.

"అయితే నేను ఉడికిపోవాలన్నమాట."

"మీకసలు చల్లగాలి పడదు కదా. ఫ్యాన్ రెండులో పెడితేనే దుప్పటి కప్పుకుంటారు."

"ఇప్పుడు పడుతోంది."

"ఎప్పట్నించి?"

"మొన్నట్నించి," అంది అత్తగారు తడుముకోకుండా.

బాల్కనీలో డ్రిల్లు రొద మొదలైంది. కోడలికి నవ్వూ వచ్చింది, ఒళ్ళు మంటా వచ్చింది. ఈ ఒక్కరోజు సెలవు కోసం ఆసుపత్రిలో ఇద్దరిని బతిమాలుకుంది. తీరా చూస్తే ఆ సెలవు ఇలా వాదనల్లో కరిగిపోతోంది. కాలు నిలవక హాల్లోకి వచ్చింది, కిటికీ రెక్క తీసింది, మళ్ళీ వేసింది. ఆఖరికి అత్తగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు చల్లదనం కోసం కాదు అత్తయ్యా," అంది. "తలుపు మూసుకోవడం కోసం. ఊరికే మూస్తే మీరు నొచ్చుకుంటారు. ఏసీ ఉంటే మూయక తప్పదు. అందుకే కొన్నాను."

అత్తగారు పడగ్గది తలుపు వైపు చూసింది.

"రెండేళ్ళ నుంచీ మీరు దగ్గితే లేస్తున్నాను. దగ్గకపోతే, ఎందుకు దగ్గలేదా అని లేస్తున్నాను. అయిదింటికల్లా తయారై ల్యాబ్‌కి వెళ్ళి మనుషులకి సూది గుచ్చి రక్తం తియ్యాలి. మొన్న ఒకరి ట్యూబు మీద ఇంకొకరి పేరు రాశాను. పక్కనున్న అమ్మాయి చూసింది కాబట్టి సరిపోయింది. చూడకపోతే ఎవరికి ఏమయ్యేదో. అప్పట్నించి ప్రతి ట్యూబు మీది పేరూ మూడేసిసార్లు చదువుకుంటున్నాను."

అత్తగారు దుప్పటి అంచుని మడత పెట్టింది, విప్పింది.

"తలుపేసుకుంటే నేను పిలిచింది మీకు వినపడదు కదమ్మా," అంది. "అదే నా భయం. ఊపిరాడనప్పుడు గొంతు కూడా లేవదు. ఏసీ నాకెందుకు?"

"మీరు పిలిచేది నన్ను కాదుగా. ఎప్పుడు పిలిచినా 'బుజ్జీ' అనే కదా పిలుస్తారు."

అనేశాక కోడలు తనే తెల్లబోయింది. ఆ కష్టం తన కడుపులో ఉందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

డ్రిల్లు మళ్ళీ అందుకుంది. దాని మీదుగా వినపడాలని అత్తగారు గొంతు పెంచింది. "పిలిచేది వాణ్ణే. వచ్చేది నువ్వని తెలిసే పిలుస్తాను." సగంలోనే డ్రిల్లు ఆగిపోయింది. ఆ పెద్ద గొంతుతో అన్న మాట హాలు దాటి బాల్కనీ దాకా వెళ్ళింది.

ఇక దాచడానికేమీ లేదన్నట్టు ఆవిడ చెప్పుకుపోయింది. "రోజంతా నిలబడి పనిచేసి వచ్చి పడుకున్న పిల్లని ఏ మొహం పెట్టుకుని లేపను? కొడుకు పేరు పెట్టి పిలిస్తే, నేను లేపింది నిన్ను కాదులే అని సర్దిచెప్పుకునేదాన్ని. నువ్వు కళ్ళు నులుముకుంటూ వస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. వాడొక్కరోజైనా లేస్తాడేమోనని చూశాను. లేవలేదు."

బాల్కనీ గుమ్మంలో బుజ్జి నిలబడి ఉన్నాడు. చేతిలో పానా, చొక్కా నిండా గోడ పొడి.

"నన్నెందుకు లేపలేదు నువ్వు?" అన్నాడు భార్యతో.

"లేపాను. 'సరే' అని అటు తిరిగి పడుకునేవారు."

అతని మొహం వాడిపోయింది. వెనక నుంచి మెకానిక్ తల పెట్టి, "సార్, మరి కన్నం?" అన్నాడు.

"బెడ్‌రూమ్‌లో కొట్టండి," అన్నాడు బుజ్జి. తల్లి తల దించుకుంది. అతను ఆవిడ మంచం మీద కూర్చుని, "నా పరుపు ఇక్కడ, నీ మంచం పక్కన వేసుకుంటానమ్మా," అన్నాడు.

"నువ్వు లేవవురా."

"చెయ్యి పట్టుకుని లాగు. అప్పటికీ లేవకపోతే మొహాన నీళ్ళు కొట్టు."

"ఎన్నాళ్ళు?"

"లేవడం అలవాటయ్యేదాకా. ఆ తర్వాత మేమిద్దరం రోజులు పంచుకుంటాం."

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు కళ్ళు తుడుచుకుని, "ఒక చెంబు సరిపోదు అత్తయ్యా, రెండు దగ్గర పెట్టుకోండి," అంది. అత్తగారు నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం మూడింటికి పని పూర్తయింది. మెకానిక్ గోడకి రేకు బిగించాడు, దానికి పెట్టె తగిలించాడు, రాగి పైపులు కలిపాడు, మరకలు తనే తుడిచాడు. "తలుపేస్తేనే చల్లబడుతుంది మేడమ్," అని చెప్పి వెళ్ళిపోయాడు.

కోడలు గదిలో నిలబడి ఉంది. కావాలనుకున్నది దొరికినా చెయ్యి తలుపు మీదికి పోవడం లేదు. అత్తగారు గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చింది.

"పడుకో తల్లీ," అని గడియ దగ్గర పట్టుకుని తలుపు తనే లాగేసింది.

కోడలు పడుకుంది. నిద్ర రాలేదు. తలుపు మూతపడినా చెవులు మూతపడలేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది. గది చల్లబడుతోంది. ఇంతలో హాల్లోంచి దగ్గు వినిపించింది. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి తెరలు తెరలుగా. అలవాటు కొద్దీ లేచి కూర్చుని కాళ్ళు నేల మీద పెట్టింది.

"బుజ్జీ," అంది అత్తగారి గొంతు.

కోడలు కదలకుండా కూర్చుంది. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంది. నాలుగు అనబోతుండగా కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఆఁ, ఇక్కడే ఉన్నానమ్మా. లేచి కూర్చో. మందు ఏది, ఇదేనా?"

"అది కాదురా, నీలం మూతది."

గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు. వీపు నిమురుతున్న చప్పుడు కూడా ఆమెకి వినిపించినట్టే ఉంది.

కాళ్ళు మళ్ళీ మంచం మీదికి తీసుకుంది. దుప్పటి నిండా కప్పుకుని, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకి తెలియలేదు.